గురవయ్య పోయినాడు

కరోనా భయం పూర్తిగా తగ్గిన మరుసటి ఏడాది, జూన్ మొదటి వారంలో, మార్కాపురంలో ఒక కమ్యూనిటీ రేడియో కేంద్రానికి స్టేషన్ మేనేజర్‌గా చేరాను. అంతకుముందు ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ రేడియోలో పనిచేసి, ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్ హోదాలో రిటైరయ్యాను. రిటైరైనవాళ్ళను మళ్ళీ పనిలోకి పిలిచే సంస్థల్లో కొన్నిటికి ఆ మనిషి అనుభవం కావాలి, కొన్నిటికి లెటర్‌హెడ్డు మీద వేసుకోవడానికి పేరు మాత్రం కావాలి. నన్ను పిలిచిన ట్రస్టు ఏ కోవలోదో తెలుసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. మా పుట్టిల్లు గిద్దలూరు. సొంత ప్రాంతంలో పని అనేసరికి ఇంకేమీ ఆలోచించకుండా ఒప్పుకున్నాను.

ఈ వ్యవహారం తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. కమ్యూనిటీ రేడియో అంటే చిన్న ట్రాన్స్‌మిటర్. చుట్టూ పది పదిహేను కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది, కొండ అడ్డమొస్తే అదీ లేదు. సొంతంగా వార్తలు చదవకూడదు. ప్రసారమైన ప్రతి కార్యక్రమం నకలు మూడు నెలలపాటు దాచి ఉంచాలి. కార్యక్రమాల మంచిచెడ్డలు చూడటానికి స్థానికులతో ఒక సలహా కమిటీ ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యంగా, ఆ ప్రాంతపు జనం మాట్లాడుకునే భాషలో, వాళ్ళ చేతుల మీదుగా నడవాలి. అసలు ఇలాంటి రేడియోకి ప్రభుత్వం అనుమతి ఇచ్చేదే అందుకు. అనుమతి పత్రంలో అన్నీ స్పష్టంగా రాసి ఉంటాయి. మా ట్రస్టులో దాన్ని ఆసాంతం చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే.

మా కేంద్రం ఒక మూతపడిన పలకల కంపెనీ ఆఫీసు మేడ మీద ఉండేది. రెండు గదులు. ఒక గదిలో ట్రాన్స్‌మిటరు, మైకు, మిక్సరు. రెండోది రికార్డింగు గది. దాని గోడలకు స్పాంజి అతికించి, మీద గోనెపట్టా బిగించాం. కింద లారీ హారన్ కొడితే ఆ వాక్యాన్ని అతిథి చేత మళ్ళీ చెప్పించేవాళ్ళం. అంతమాత్రం సౌకర్యంతోనే మంచి పని చేయవచ్చని నా నమ్మకం, చేశాం కూడా.

నేను చేరిన కొన్నాళ్ళకు ‘మేటి మాట’ అనే శీర్షిక మొదలుపెట్టాను. ఈ పడమటి మండలాల్లో పుట్టి, అవార్డులు అందుకున్న రచయితలు, కళాకారులు, విలేకరులతో వారం వారం సంభాషణ. మన దగ్గర అవార్డు వచ్చిన మనిషికి శాలువా కప్పుతారు, పేపర్లో ఫొటో వేస్తారు, ఆ మనిషి ఏం రాశాడో, ఎందుకు రాశాడో మాత్రం ఎవరూ అడగరు. అది అడగడమే మా కార్యక్రమం. పొదిలి నుంచి ఒక విలేకరి వచ్చి, తాగే నీళ్ళ మీద తాను రాసిన కథనాల వెనక ఎన్ని బెదిరింపులు వచ్చాయో చెప్పారు. గిద్దలూరు వైపు నుంచి ఒక తోలుబొమ్మల కళాకారుడు వచ్చి, మైకు ముందు రావణుడి గొంతు పెడితే మా లెవెల్ మీటరు ముల్లు ఎర్రగీత దాటిపోయింది. జనం ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. వాళ్ళకు బాగా నచ్చింది ఒకటే. వచ్చినవాళ్ళు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడారు.

అలా మాట్లాడించడం కూడా ఒక పనే. మనిషిని మైకు ముందు కూర్చోబెట్టి ముందుగా పొద్దున ఏం తిన్నారని అడుగుతాం. అది మర్యాదకు అడిగేది కాదు, గొంతు స్థాయి చూసుకోవడానికి. కానీ ఆ ఇడ్లీ సంగతో ఉప్మా సంగతో చెప్పేలోపల మనిషికి బెరుకు పోతుంది. ఆ తర్వాత అర నిమిషం అందరం నోరు మూసుకుని ఖాళీ గదిని రికార్డు చేస్తాం. తర్వాత ఎడిటింగులో ఎక్కడైనా మాట కోస్తే, ఆ అతుకు తెలియకుండా ఈ నిశ్శబ్దాన్ని వేస్తాం. గంటసేపు మాట్లాడిన మనిషిని ప్రసారానికి అరగంటలోకి కుదించాలి. అందులో అన్యాయం జరగకుండా చూసుకోవడమే మా వృత్తిలో అసలు కష్టం.

శీర్షికకు పేరు వచ్చాక ట్రస్టు కార్యదర్శికి ఒక ఆలోచన వచ్చింది. దీన్ని జాతీయ స్థాయి పోటీకి పంపాలని. పంపండి, సంతోషమే అన్నాను. పంపాలంటే భాష బాగుచేయాలని ఆయన అన్నారు. బాగుచేయడానికి తనకు తెలిసిన ఒక రిటైర్డు తెలుగు లెక్చరరును భాషా సలహాదారుగా తెచ్చారు. ఆయన పేరు మూర్తిగారనుకుందాం. కోస్తాలో ఒక పట్టణం ఆయనది. మంచి గొంతు, మంచి దస్తూరి, చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్ను. మనిషి చెడ్డవాడని నేను అనను. అయితే ఒక ప్రాంతం తెలుగు మొత్తం తప్పుల తడకేనని, దాన్ని దిద్దడానికే తనను పంపారని గట్టిగా నమ్మిన మనిషి. అలాంటివాళ్ళతో చెడ్డవాళ్ళతో కంటే ఎక్కువ కష్టం.

ఆయన మొదటిసారి మా పాత కార్యక్రమాలు విన్నప్పుడు నా ఎదురుగానే కూర్చున్నారు. ‘వచ్చినాడు’ అని వినిపించినప్పుడల్లా మొహం చిట్లించారు. అంతా అయ్యాక, “వీళ్ళంతా అవార్డులు వచ్చిన రచయితలే కదమ్మా, రచయిత అయినవాళ్ళు ఇలాగా మాట్లాడేది?” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. రచయితలు రాసేదే ఆ భాషలో, అవార్డు వచ్చిందీ ఆ భాషకేనని చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వును నేను ఓటమి అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

ఇక్కడ నా భాష సంగతి కూడా చెప్పాలి. నేను ఈ జ్ఞాపకం రాస్తున్నది పుస్తకాల తెలుగు. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణలో ‘పోయినాడు’ అనకూడదు, ‘వెళ్ళాడు’ అనాలని నాకు నేర్పారు. నేర్చుకున్నాను. మైకు ముందు ఒకటి, ఇంటి గడపలో ఒకటి. రెండూ నావే. రెండూ వచ్చు కాబట్టే ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చేటప్పుడు ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు.

ఆ ఏడాది రాష్ట్రస్థాయి కథల పురస్కారం చెన్నమ్మకు వచ్చింది. చెన్నమ్మ మార్కాపురానికి దగ్గర ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. పుట్టిల్లు పుల్లలచెరువు మండలంలో, అడవి అంచున. గొర్రెలు మేపుకునే కుటుంబం. ఆమె కథలన్నీ ఆ గొర్రెల మందల వెంట నడిచేవే. ఆ వైపు బావులు ఎండినప్పుడు మగవాళ్ళు మందలు తోలుకుని కృష్ణా కాలువల కిందికి పోతారు. కోతలైన పొలాల్లో మంద కట్టి, రైతు ఇచ్చింది తీసుకుని, మళ్ళీ వానలు పడ్డాక ఇంటికొస్తారు. ఇంటి దగ్గర ఆడవాళ్ళు, పిల్లలు ఉంటారు. ఆ ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళ గురించి అంతవరకూ ఎవరూ రాయలేదు. చెన్నమ్మ రాసింది.

రికార్డింగు నేనే చేశాను. ఏం తిన్నావమ్మా అంటే, “సద్ది తాగినానక్కా, నీకేమైనా మిగల్చలా” అని నవ్వింది. అక్కడితో గది తేలికైంది. రాయడం ఎలా మొదలైందని అడిగాను. ఆమె చెప్పింది నాకు ఇప్పటికీ జ్ఞాపకం:

“నేను చిన్నపిల్లప్పుడు ఒక ఏడు వానల్లేక బావులన్నీ ఎండిపాయినాయక్కా. మా నాయన పోయినాడు. మాయమ్మ పొద్దున లేచి కూలికి పొయ్యేది. నేను తమ్ముణ్ణి సంకనేసుకోని బడికి పొయ్యేదాన్ని. నాయన లేని ఇల్లు ఎట్లుంటాదో నాకప్పుడు తెలిసింది. కుక్క గూడా మొరగలా. ఆ ఇంటి సంగతి ఎవరికన్నా చెప్పాలనిపించేది.”

ఇంకా చాలా చెప్పింది. తన బడి, తన పెళ్ళి, మొదటి కథ తిరిగొచ్చిన తీరు. చివరికెప్పుడో మళ్ళీ ఆ మాటకే వచ్చి, “వానలు పడినాక నాయన వచ్చినాడు. వస్తా వస్తా నాకు మార్కాపురంలో పలక కొనుక్కోని వచ్చినాడు. దానిమీదనే రాసినా మొదలు, చెరిపినా మళ్ళ రాసినా” అంది. మంచి రికార్డింగు. లారీ హారన్లు కూడా అడ్డం రాలేదు.

ఈ ప్రాంతం బయటివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి, కథంతా దాని మీదే ఉంది కాబట్టి. మా వైపు ‘పోయినాడు’ అంటే వెళ్ళాడు అని. సంతకు పోయినాడు, బడికి పోయినాడు, ఒంగోలు పోయినాడు. ఊరి పేరు చెప్పకుండా వట్టి ‘పోయినాడు’ అన్నా అంతే, ఎక్కడికో వెళ్ళాడు, వస్తాడు. మనిషి చనిపోతే ‘చనిపోయినాడు’ అనో ‘కాలం చేసినాడు’ అనో విడిగా చెబుతాం. కోస్తాలో అలా కాదు. అక్కడ వెళ్ళినవాడు ‘వెళ్ళాడు’. ‘వాళ్ళ నాన్న పోయాడు’ అంటే అయ్యో పాపం అంటారు.

ఆ రికార్డింగు ఎడిట్ చేసే వారంలో నాకు హైదరాబాదులో శిక్షణ పడింది. కమ్యూనిటీ రేడియో నిర్వాహకులందరికీ నిబంధనలు వివరించే శిక్షణ. స్థానిక భాషను ఎలా కాపాడాలన్న అంశం మీద ఒక పూట మొత్తం చెప్పారు. నేను శ్రద్ధగా కూర్చుని వింటూంటే, ఇక్కడ మా కేంద్రంలో చెన్నమ్మ సంభాషణ ప్రసారమైంది.

తిరుగు ప్రయాణంలో బస్సు వినుకొండ దాటాక చెన్నమ్మ ఫోన్ చేసింది. ఏడవలేదు. కేకలూ వేయలేదు. “అక్కా, మా నాయనను మీరెప్పుడు చంపినారు?” అని అడిగింది. నాకేమీ అర్థం కాలేదు. ఆమె అయితే అర్థమయ్యేట్టు చెప్పే స్థితిలో లేదు. మార్కాపురంలో దిగి, ఇంటికి కూడా పోకుండా సంచితో సహా ఆఫీసుకు వెళ్ళి, ప్రసారమైన నకలు పెట్టుకుని విన్నాను.

ప్రశ్నలు నా గొంతుతోనే ఉన్నాయి. జవాబులు చెన్నమ్మ గొంతుతో లేవు. ఆమె మాటలన్నిటినీ కాగితం మీద టైపు చేయించి, మూర్తిగారు ‘శిష్టభాష’లోకి మార్చి, మా అనౌన్సరమ్మాయి చేత చదివించి నా ప్రశ్నల మధ్య అతికించారు. నేను “చిన్నప్పటి సంగతి చెప్పమ్మా” అంటాను. ఎవరో చదువుకున్న పట్నపు ఆవిడ జవాబు చెబుతుంది: “నా బాల్యంలో తీవ్రమైన కరువు ఏర్పడింది. ఆ సంవత్సరమే మా నాన్నగారు కన్నుమూశారు.”

వానలు పడినాక నాయన వచ్చినాడన్న వాక్యం ఎక్కడా లేదు. పలక లేదు. ఎందుకు లేదో మూర్తిగారి కాగితాలు చూస్తే తెలిసింది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఇబ్బంది వచ్చింది. మొదట్లో చనిపోయిన మనిషి చివర్లో వానలు పడగానే తిరిగొచ్చాడు. అది పొసగడం లేదు. ఆయన చేసిందేమిటంటే, ఆ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన ‘అసంబద్ధం’ అని రాశారు. బతికి తిరిగొచ్చిన మనిషిని, తన వాక్యానికి అడ్డమొస్తున్నాడని పక్కకు తీశారు. నా ఉద్యోగ జీవితంలో చాలా చెత్త ఎడిటింగ్ చూశాను. ఇలాంటిది చూడలేదు.

అనౌన్సరమ్మాయిది ఇక్కడి ఊరే. ‘పోయినాడు’ అంటే ఏమిటో ఆమెకు చక్కగా తెలుసు. కానీ ఆమె ముందు పెట్టిన కాగితంలో ఆ మాటే లేదు, ‘కన్నుమూశారు’ అనే ఉంది. పాపం, నిజంగానే చనిపోయాడు కాబోలనుకుని, గొంతు కొంచెం తగ్గించి మరీ చదివింది. ఆమెను నేను ఏమీ అనలేదు.

మా రేడియో పుల్లలచెరువు దాకా వినపడదు. కానీ కార్యక్రమాన్ని ట్రస్టు వాట్సాప్‌లో కూడా పెట్టింది. రెండో రోజుకే అది చెన్నమ్మ పుట్టింటికి చేరింది. గురవయ్య, అంటే చెన్నమ్మ నాయన, అప్పుడు మందకాడ ఉన్నాడు. మేనల్లుడు ఫోన్ తెచ్చి వినిపించాడు. ఆయన చెల్లెలు పక్క ఊరి నుంచి శోకాలు పెట్టుకుంటూ వచ్చింది. తీరా వచ్చి చూస్తే అన్న గొర్రెకు నట్టల మందు తాపుతున్నాడు. మొదటి రోజు అందరూ నవ్వుకున్నారు. రెండో రోజు నవ్వు ఆగిపోయింది. అవార్డు కోసం, జనం జాలిపడతారని, ఆ పిల్ల బతికున్న తండ్రిని చంపేసిందని ఊళ్ళో మొదలుపెట్టారు. ఆ మాట చెన్నమ్మ అత్తగారి ఊరి దాకా వచ్చింది. అంగన్‌వాడీకి పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులే అడిగారు. ఆమె తమ్ముడు ఫోన్ చేసి, ఇంకో సారి మా గడప తొక్కొద్దన్నాడు.

గురవయ్య మాత్రం తిట్టలేదు. కూతురితో ఫోన్లో ఆయన అన్నది ఒక్కటే మాట, అది చెన్నమ్మే తర్వాత నాకు చెప్పింది. “సచ్చినానని చెప్తే చెప్పినావులే పాపా. నాన్నగారు అంటివే, ఆయనెవరు? నాయన అనేదానికి సిగ్గయిందా నీకు?” అని ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఇదీ జరిగిన నష్టం. ఒక మనిషి తన తండ్రి గురించి ఆయన మెచ్చుకునేట్టు మాట్లాడితే, మేము దాన్ని తీసి ఆ తండ్రినే దూరం చేశాం. మేము అని ఎందుకంటున్నానంటే ఆ ప్రసారంలో ప్రశ్నలు అడిగిన గొంతు నాది. వినేవాళ్ళకు నా ఎదుటే ఆమె ఆ మాటలు అన్నట్టు ఉంది.

మర్నాడు మూర్తిగారితో, కార్యదర్శితో కూర్చున్నాను. మూర్తిగారు మొదట అర్థం చేసుకోలేదు. “పోయాడంటే పోయాడనే కదా అర్థం?” అన్నారు. మీరు సాయంత్రం ఇంటికి పోతారు గదా, పోయినారని రేడియోలో చెప్పమంటారా అని అడిగాను. నాకు అంత మోటుగా మాట్లాడే అలవాటు లేదు, ఆ రోజు మాట్లాడాను. ఆయన మొహం ఎర్రబడింది కానీ, తప్పు ఆ మాట వాడిన ఆవిడదేనన్న అభిప్రాయం మాత్రం మారలేదు. సరైన భాష మాట్లాడి ఉంటే ఈ గందరగోళమే ఉండేది కాదన్నారు.

కార్యదర్శి మాటలు ఇంకా బాగున్నాయి. వాట్సాప్‌లోది తీసేద్దాం, అంతటితో మరిచిపోతారు. ముసలాయనకు ఎవరైనా ఫోన్ చేసి సర్ది చెప్పండి. ప్రసారంలో క్షమాపణ మాత్రం కుదరదు, ఎందుకంటే కార్యక్రమాన్ని అప్పటికే పోటీకి పంపేశారు, ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే అది రికార్డుకెక్కుతుంది. నేను వదలకపోయేసరికి ఒక ప్రకటన ముసాయిదా తయారుచేశారు. ‘సాంకేతిక కారణాల వల్ల కొంత అంతరాయం ఏర్పడినందుకు చింతిస్తున్నాము’ అని. సాంకేతిక కారణాలట! మా యంత్రాలు చెన్నమ్మ చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం పోకుండా రికార్డు చేశాయి. ఈ మొత్తం వ్యవహారంలో సక్రమంగా పనిచేసింది యంత్రాలొక్కటే. నేను ఆ కాగితాన్ని చదవనని చెప్పి లేచి వచ్చాను.

అసలు రికార్డింగు పూర్తి నకలు నా దగ్గర భద్రంగా ఉంది. దాన్ని చేతి రికార్డరులో ఎక్కించుకుని, చిన్న స్పీకరు పెట్టుకుని, చెన్నమ్మను వెంటబెట్టుకుని పుల్లలచెరువు మండలం బయల్దేరాను. బస్సు దిగాక ఆటో. ఇంటికి పోతే తమ్ముడు రానివ్వడని, నేరుగా మందకాడికే పోదామని చెన్నమ్మ అంది.

గురవయ్య దొడ్డికి కంప కడుతున్నాడు. కూతుర్ని చూసి పని ఆపలేదు. నన్ను నేను పరిచయం చేసుకుని, ఆ రేడియో మేనేజర్ని నేనేనని, తప్పు మాదేనని, ఆ మాటలు మీ అమ్మాయివి కావని చెప్పాను. “గొంతు మా పాపది గాదని నాకు తెల్దా? చదివించినారేమో అనుకున్నా. రాసింది మటుకు ఆ పిల్లే గదా” అన్నాడు. కాదు, రాసింది కూడా వేరే ఆయన అన్నాను. నమ్మినట్టు లేదు. ఇంతలో ఆయన చెల్లెలు, మేనల్లుడు, ఇంకో నలుగురు చేరారు. నేనిక చెప్పడం మానేసి స్పీకరు రాతి మీద పెట్టి మీట నొక్కాను.

సద్ది సంగతి దగ్గర ఆయన చెల్లెలు నవ్వింది. ‘మా నాయన పోయినాడు’ అన్న మాట వచ్చినప్పుడు ఎవరూ ఉలిక్కిపడలేదు. పడరని నాకు తెలుసు. “అవును, ఆ ఏడే కాలవల కిందికి పోతిమి” అన్నాడాయన, కంప పక్కనబెట్టి. కుక్క కూడా మొరగలేదన్న చోట తల వంచుకున్నాడు. వాళ్ళను అందరినీ నిలబెట్టి పూర్తిగా వినిపించాను, ఒక్క ముక్క దాటవేయకుండా. వానలు వచ్చాయి, నాయన వచ్చాడు, పలక వచ్చింది. “ఆ పలక సంగతి గుర్తుపెట్టుకోనుండాదా!” అని ఆయన నావైపు చూసి అడిగాడు, పక్కనున్న కూతుర్ని అడగాల్సిన ప్రశ్న. చెన్నమ్మ అప్పుడు ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఆగాల్సిన అవసరమూ కనపడలేదు.

వచ్చేటప్పుడు గురవయ్య నాకొక పని చెప్పాడు. “మాకు చెప్పినారు, బాగుండాది. సచ్చినానని అందరూ ఇన్యారు గదమ్మా. బతికుండానని గూడా అందరూ ఇనాల. లేకుంటే మా పాప అబద్ధాలది అయిపోతాది.” క్షమాపణ కావాలని ఆయన అడగలేదు. కూతురు మాట నిలబెట్టమన్నాడు.

సలహా కమిటీని పిలిచే అధికారం స్టేషన్ మేనేజరుకు ఉంటుంది. అప్పటిదాకా ఆ కమిటీ సంతకాలకే తప్ప సమావేశానికి కూర్చున్నది తక్కువ. సగానికి సగం ఆడవాళ్ళు, పొలం పనికి పోయేవాళ్ళు, ఇద్దరు ఆ దగ్గర చర్చి సంఘంలోవాళ్ళు. రెండు నకళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి వినిపించాను. మొదట పెట్టిన అసలు రికార్డింగు వింటూ నవ్వారు. ప్రసారమైనది విన్నాక కోపం తెచ్చుకున్నారు. మా ఇండ్లల్లో మాట్లాడే మాట మీకు పనికిరాకపోతే మమ్మల్ని ఎందుకు కూర్చోబెట్టినారని ఒకామె కార్యదర్శినే అడిగింది. ఆయన గడియారం చూసుకున్నారు. తీర్మానం అయింది: సవరణ ప్రకటన చదవాలి, అసలు రికార్డింగును చెన్నమ్మ గొంతుతో పూర్తిగా, అదే వేళకు ప్రసారం చేయాలి.

ప్రకటన నేనే రాసి నేనే చదివాను. సాంకేతిక కారణాల ఊసు లేదు. ‘మా కేంద్రం చెన్నమ్మగారి మాటలను ఆమెకు చెప్పకుండా మార్చింది. ఆమె అనని మాటలను వేరే గొంతుతో ఆమె పేరు మీద వినిపించింది. ఆమె నాయన గురవయ్యగారు బతికే ఉండారు. తప్పు మాది’ అని చదివాను. ‘ఉన్నారు’ అని రాసుకున్నాను, చదివేటప్పుడు ‘ఉండారు’ అనే వచ్చింది. అలాగే వదిలేశాను. ఆ రోజు గురవయ్య కూతురింటికి వచ్చి, వాకిట్లో కూర్చుని ఊరివాళ్ళతో కలిసి విన్నాడని తెలిసింది. చెన్నమ్మ తమ్ముడు రావడానికి మాత్రం ఇంకో రెండు నెలలు పట్టింది.

ఆ తర్వాత నా కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. పోటీకి పంపిన నకలును వెనక్కి తీసుకుంటామని కమిటీకి మాటిచ్చారు కానీ తీసుకోలేదు. దానికి ప్రశంసాపత్రం వచ్చింది, అందులో భాష చాలా స్వచ్ఛంగా ఉందని మెచ్చుకున్నారు. ఆ నకలులో గురవయ్య ఇప్పటికీ చనిపోయే ఉన్నాడు. దాని గురించి నాకు విచారం లేదు, కోపం మాత్రం ఉంది, తగ్గించుకునే ప్రయత్నం కూడా చేయడం లేదు.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది వృత్తికి సంబంధించినదే. ఇప్పుడు ఎక్కడైనా కొత్తవాళ్ళకు శిక్షణ ఇవ్వమని పిలిస్తే అదే చెబుతున్నాను. నిడివి కోసం వాక్యం కోయవచ్చు, కోసిన తర్వాత మిగిలినదాన్ని ఆ మనిషికి వినిపించి ఒప్పించుకోవాలి. ఒకరి గొంతు తీసి ఇంకొకరి గొంతు పెట్టడాన్ని ఎడిటింగ్ అనరు. మాట అర్థం కాకపోతే మాట్లాడిన మనిషిని అడగాలి. చెన్నమ్మ ఉండేది మా ఆఫీసుకు ఆటోలో పోయేంత దూరంలో, ఆమె నంబరు అందరి ఫోన్లలోనూ ఉంది. మూర్తిగారు ఒక్కసారి ఫోన్ చేసి, అమ్మా పోయినాడంటే ఏమిటని అడిగి ఉంటే సరిపోయేది. ఆయన బద్ధకించి మానలేదు. ఆ మాట తప్పని ఆయన ముందే నిర్ణయించుకున్నారు, తప్పు మాటకు అర్థమేమిటని ఎవరూ ఫోన్ చేసి అడగరు.